పక్కింటి స్థలం మూడు ముక్కలవుతోంది, సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, బే ఏరియాలోని ఒక నగరంలో ఉంటున్నాం. ఎనిమిదేళ్లు అద్దె అపార్టుమెంట్లలో గడిపి, నాలుగేళ్ల కిందట సొంత ఇల్లు కొనుక్కున్నాం. మా పక్కింటి పెద్దావిడ పోయిన ఏడాది కాలం చేశారు. ఆమె పిల్లలు ఇంటిని ఒక బిల్డరుకు అమ్మేశారు. స్థలం వంద అడుగుల వెడల్పు, 186 అడుగుల లోతు, అంటే 18,600 చదరపు అడుగులు. పాత ఇల్లు పడగొట్టి, స్థలాన్ని మూడు చేసి, మూడు ఇళ్లు కడతామని ఆయన దరఖాస్తు పెట్టారు. వీధి వైపు రెండు, వాటి వెనక ఒకటి. వెనక ఇంటికి పదిహేను అడుగుల దారి మా కంచెను ఆనుకొనే వస్తుంది. ప్లానింగ్ కమిషన్ ఒప్పుకుంది. వీధిలోవాళ్లు అప్పీలు చేశారు. మూడు వారాల్లో సిటీ కౌన్సిల్ ముందు విచారణ.

వీధిలో అందరూ ఒక వినతిపత్రం మీద సంతకాలు పెడుతున్నారు, ఇప్పటికి 62 అయ్యాయి. వీధి స్వరూపం చెడుతుందని, ఇళ్ల ధరలు పడిపోతాయని, ట్రాఫిక్ పెరుగుతుందని, అద్దెవాళ్లు వచ్చి చేరతారని అందులో రాశారు. ఆ చివరి మాట దగ్గర నా చేయి ఆగిపోయింది. కానీ మాకూ బాధ ఉంది. వానాకాలంలో ఆ వైపు నుంచే నీళ్లు మా పెరట్లోకి వస్తాయి. కంచె దగ్గర మా ఓక్ చెట్టు ఉంది. మా అత్తయ్యగారి గది ఆ వైపే, రాత్రి కార్ల లైట్లు నేరుగా ఆమె కిటికీ మీద పడతాయి. మావారేమో, 'మనం హెచ్1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాం, ఈ ఊళ్లో గొడవలు మనకెందుకు' అంటున్నారు. సంతకం పెట్టాలా? సభలో మాట్లాడాలా? మాట్లాడితే ఏం మాట్లాడాలి?

- ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

సమాధానం:

అమ్మా,

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. సభకు మాత్రం తప్పకుండా వెళ్లండి. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో చెప్పబోయేసరికి ఈ జాబు ఇంత పొడుగైంది.

ముందు మీవారి భయం సంగతి చూద్దాం. కాలిఫోర్నియాలో నగర సభలను నడిపించేది 1953లో వచ్చిన బ్రౌన్ చట్టం. సభకు రావడానికి, మాట్లాడటానికి హక్కు 'ప్రజల్లో ఎవరికైనా' ఉందంటుంది ఆ చట్టం. పౌరసత్వం ఊసు అందులో లేదు. లోపలికి రావాలంటే పేరు రాయాలని కూడా ఎవరూ షరతు పెట్టకూడదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నగర సభలో తమ ఇంటి గురించి మాట్లాడకూడదని ఏ నిబంధనా లేదు. పైగా మీరు దారిన పోయేవాళ్లు కాదు, పక్క ఇంటి యజమానులు. 1979లో హార్న్ వర్సెస్ వెంచురా కౌంటీ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి తగవునే విన్నది. ఒకాయన పక్క స్థలాన్ని నాలుగు ముక్కలు చేయడానికి కౌంటీ అనుమతి ఇచ్చింది. పక్కవాడి ఆస్తికి గట్టి దెబ్బ తగిలే అవకాశం ఉన్నప్పుడు అతనికి ముందుగా తెలియజేయాలని, అతను చెప్పేది వినాలని, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కని కోర్టు తేల్చింది. మీ ఇంటికి వచ్చిన నోటీసును మీవారికి మళ్లీ ఒకసారి చూపించండి. మూడు వందల అడుగుల లోపు యజమానులకు, విచారణకు కనీసం పది రోజుల ముందు, నగరం పంపి తీరవలసిన కాగితం అది. మిమ్మల్ని మాట్లాడమని పిలిచే కాగితం కూడా అదే.

ఇప్పుడు అసలు విషయం. ఆ రాత్రి ఏడుగురో ఐదుగురో సభ్యులు వేదిక మీద కూర్చుని ఏం తేలుస్తారన్నది మీ వీధిలో చాలామందికి తెలియదనుకుంటాను. వాళ్లు వీధి అభిప్రాయం మీద ఓటింగు పెట్టరు. ఒక దరఖాస్తు చట్టంలోని కొలతలకు సరిపోయిందా లేదా అన్నది చూస్తారు. ఆ పూట వాళ్లు రాజకీయ నాయకులకన్నా న్యాయమూర్తులకు దగ్గరగా ఉంటారు. నాలుగు లేదా అంతకు తక్కువ ముక్కలు చేసేటప్పుడు సాధారణంగా 'పార్సెల్ మ్యాప్' అనే నక్షా కావాలి. దాన్ని తిరస్కరించవలసిన సందర్భాలు ఏడింటిని రాష్ట్రపు సబ్‌డివిజన్ మ్యాప్ చట్టం చెబుతుంది. ఆ నక్షా, ఊరు ఎలా పెరగాలో చెప్పే నగరపు జనరల్ ప్లాన్‌కు విరుద్ధంగా ఉండటం, దాని రూపకల్పన ఆ ప్లాన్‌కు పొసగకపోవడం, ఆ రకం నిర్మాణానికి ఆ నేల పనికిరాకపోవడం, అన్ని ఇళ్లకు అది చాలకపోవడం, పర్యావరణానికి గట్టి నష్టం, ప్రజారోగ్యానికి తీవ్రమైన ముప్పు, ప్రజలకున్న దారి హక్కులకు అడ్డు తగలడం. మీ వినతిపత్రాన్ని ఈ ఏడింటి పక్కన పెట్టి చదవండి. ఇళ్ల ధరలు ఇందులో లేవు. ఎవరు వచ్చి ఉంటారన్నది అసలే లేదు.

కౌన్సిల్‌కు మీ వీధి మీద ఎంత ప్రేమ ఉన్నా, కారణం లేకుండా కాదనలేదు. టోపాంగా ప్రాంతవాసుల సంఘం లాస్ ఏంజెలెస్ కౌంటీ మీద వేసిన కేసులో 1974లో ఇదే కోర్టు ఒక నియమం పెట్టింది. రికార్డులో ఉన్న సాక్ష్యానికీ ఇచ్చిన తీర్పుకూ మధ్య ఏ దారిన నడిచి వచ్చారో నగరం రాసి చూపించాలి. దానిపైన ఇళ్ల జవాబుదారీ చట్టం ఒకటుంది, 1982 నాటిది, ఈమధ్య చాలాసార్లు పదును పెట్టారు. ఇళ్ల ప్రతిపాదన రాసిపెట్టిన కొలతలకు సరిపోయిన తరువాత దాన్ని కాదనాలంటే, ఆరోగ్యానికో భద్రతకో స్పష్టమైన ముప్పు ఉందని, దాన్ని తప్పించే మరో మార్గం లేదని రుజువుతో రాయాలి. అలా రాయలేని నగరం కోర్టులో ఓడిపోయి ఖర్చులు కూడా కట్టవలసి వస్తుంది. ఆ భయం సిటీ అటార్నీ ముఖంలో మీకు ఆ రాత్రి కనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట ఇలాంటి ఒక విచారణలో నేను కూర్చున్నాను, ఏ నగరమో అక్కర్లేదు. నలభై మంది వరసగా వచ్చి మాట్లాడారు. అందరూ ఒకటే మాట, 'ఈ వీధి అందం పోతుంది' అని. సభ్యులు మర్యాదగా విన్నారు, తలలూపారు. చివర్లో ఒక ముసలి దంపతులు వచ్చారు. భర్త చేతిలో ఆరు ఫొటోలు, ప్రతి దాని వెనక తారీఖు. వాన పడిన మరునాడు తమ గ్యారేజీ గుమ్మం దాకా నిలిచిన నీళ్లు. ఆయన రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. ఆ రాత్రి నక్షాకు అనుమతి వచ్చింది, నలభై మంది కోపంగా ఇంటికి వెళ్లారు. ఆ దంపతులకు మాత్రం కంచె పొడవునా ఒక మురుగు కాలువ వచ్చింది, బిల్డరు ఖర్చుతో, నక్షా షరతుల్లో నంబరు వేసి మరీ. ఆ రాత్రి నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను. స్వయంగా కళ్లతో చూసి చెప్పిన సంగతి సాక్ష్యం అవుతుంది. భయం ఎంత నిజమైనదైనా సాక్ష్యం కాదు.

కాబట్టి మీ ఫోనులో పాత వానల ఫొటోలు వెతకండి. 2023 జనవరిలో బే ఏరియా అంతా వరసగా తుఫానులే. అప్పటికి మీరు ఆ ఇంట్లో ఉండి ఉంటే తీసినవి ఉండే ఉంటాయి. నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎన్నాళ్లకు ఇంకుతోంది, రాసుకోండి. తరువాత ఒక చిన్న లెక్క వేయండి. పదిహేను అడుగుల వెడల్పున, 142 అడుగుల పొడవున దారి వేస్తే 2,130 చదరపు అడుగుల కాంక్రీటు. ఒక్క అంగుళం వాన పడితే దాని మీద నిలిచే నీరు సుమారు 1,300 గ్యాలన్లు, అంటే ఐదు వేల లీటర్లు. ఎండాకాలంలో మన కాలనీల్లోకి వచ్చే నీళ్ల ట్యాంకరు గుర్తుందా, ఆ ఒక ట్యాంకరు నీరు మీ కంచె పక్కన కుమ్మరించినట్టు. మూడు కొత్త ఇళ్ల కప్పుల మీది నీరు ఇంకా కలపలేదు. ఇవాళ అక్కడ మట్టి ఉంది, కొంతైనా తాగుతోంది. 142 అడుగులు ఎలా వచ్చిందంటారా? మీ ఉత్తరంలోని వెడల్పును బట్టి, ముందు రెండు స్థలాలూ ఆరు వేల చదరపు అడుగులు దాటాలంటే దాదాపు అంత లోతు కావాలి కనుక అలా వేశాను. ఆ ఆరు వేలు కనీస స్థలమని నేను అనుకున్న అంకె, ఆ సంగతి కింద వస్తుంది. నక్షా మీద ఉన్న అసలు అంకె చూసి సరిదిద్దుకోండి.

అడగవలసినది కూడా స్పష్టంగా అడగాలి. 'నీళ్లు రాకుండా చూడండి' అంటే ఎవరూ ఏమీ చేయరు. 'కట్టిన తరువాత ఆ స్థలం నుంచి మా వైపు వచ్చే నీరు ఇప్పటికన్నా పెరగకూడదు, దానికి నేల వాలు, మురుగు నీటి ప్లాను ఇంజనీరు తయారుచేసి నగరం ఆమోదించాలి, దారి నీరు ఇంకే రాళ్లతో వేయాలి, మా కంచె వైపు కాలువ ఉండాలి, దాన్ని బాగుచేసుకునే బాధ్యత వెనక ఇంటి యజమానిదని దస్తావేజులో నమోదు చేయాలి' అనండి. చివరి ముక్క వదిలిపెట్టకండి. బిల్డరు రెండేళ్లలో అమ్ముకుని వెళ్లిపోతాడు. ఆకులతో పూడిపోయిన కాలువ మీకు మిగులుతుంది.

నీరు ఇంకే రాళ్లు మీ ఓక్ చెట్టుకూ మేలు చేస్తాయి. ఓక్ వేళ్లు కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి, అదీ పైపైనే. మాను మీ పెరట్లో ఉన్నా వేళ్లకు కంచె తెలియదు. ఆ దారి కోసం నేల తవ్వి, రోలరుతో తొక్కించి, కాంక్రీటు పోస్తే చెట్టు వెంటనే చావదు. మూడేళ్లకో ఐదేళ్లకో కొమ్మ కొమ్మగా ఎండుతుంది, అప్పుడు ఎవరినీ అడగలేం. కొత్త ఇళ్లవాళ్లు వేసవిలో కంచె అవతల దాని వేళ్ల మీద పచ్చిక పెంచి నీళ్లు పెట్టినా ప్రమాదమే, ఈ నేల ఓకులకు ఎండాకాలపు తడి పడదు, వేళ్లు కుళ్లుతాయి. బే ఏరియాలో చాలా నగరాలకు చెట్ల రక్షణ నియమాలున్నాయి. మీ నగరం నియమంలో మాను చుట్టుకొలత ఎంత దాటితే రక్షణ వస్తుందో చూసి, టేపుతో కొలవండి. దరఖాస్తుతో పాటు చెట్ల నిపుణుడి నివేదిక ఉందేమో, అందులో మీ చెట్టును లెక్కలోకి తీసుకున్నారో లేదో చూడండి. పక్క పెరట్లో ఉన్న చెట్టును వదిలేయడం చాలా తరచుగా జరుగుతుంది. వదిలేసి ఉంటే మీ రెండో మాట అదే.

మూడో మాట ఆ మూడో స్థలం కొలతల గురించి. ఇది మీ వీధి మొత్తానికి పనికివచ్చేది. వీధి దగ్గర సన్నటి కర్రలాంటి దారి, వెనక వెడల్పయిన జాగా, చూడటానికి జెండాలా ఉంటుంది కనుక దాన్ని ఇక్కడ ఫ్లాగ్ లాట్ అంటారు. మీ ప్రాంతపు జోనింగులో, అంటే ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే నగర నిబంధనల్లో, కనీస స్థలం ఎంతో మీరు రాయలేదు. ఆరు వేల చదరపు అడుగులు అనుకుందాం, అంటే మన లెక్కలో దాదాపు 667 గజాలు. ముందు రెండూ 6,035 చొప్పున పోతే వెనకదానికి 6,530 మిగులుతుంది. కాగితం మీద సరిపోయింది. కానీ చాలా నగరాల నిబంధనల్లో ఆ కర్ర భాగాన్ని కనీస విస్తీర్ణంలో కలపకూడదు. దారి 2,130 తీసేస్తే మిగిలేది 4,400. అది ఆరు వేలకు ఎంత దూరమో చూడండి. ముందు స్థలాల వెడల్పు కూడా చూడండి, నలభై రెండున్నర అడుగులే వస్తుంది, చాలా జోన్లలో కనీస వెడల్పు అంతకన్నా ఎక్కువ.

నగర సిబ్బందికి ఇది తెలియదని అనుకోకండి, వాళ్లు చూసే ఉంటారు. వాళ్లు ఏ లెక్కన సరిపోయిందన్నారో, కౌన్సిల్ కోసం వాళ్లు రాసే స్టాఫ్ రిపోర్టులో వెతకండి. కొలతల్లో ఏదైనా సడలింపు ఇచ్చి ఉంటే ఆ మాట అక్కడ ఉంటుంది, దాని వెంట ఇంకొకటి కదులుతుంది. పట్టణంలో నాలుగు ముక్కల్లోపు విభజనకు సాధారణంగా పర్యావరణ పరిశీలన అవసరం లేదంటారు, రాష్ట్ర నిబంధనల్లో పదిహేనో తరగతి మినహాయింపు అది. ఏ సడలింపూ అక్కర్లేకుండా జోనింగుకు సరిపోయినప్పుడే అది వర్తిస్తుంది. నక్షాకు సడలింపు కావలసి వస్తే ఆ మినహాయింపు కూడా జారిపోతుంది. మీ వినతిపత్రంలోని 62 సంతకాలకన్నా ఈ ఒక్క లెక్కకు బరువెక్కువ. అప్పీలు చేసినవాళ్ల దగ్గరకు వెళ్లి ఇది చెప్పండి, వినతిపత్రం మళ్లీ రాయిద్దామనండి. అద్దెవాళ్ల మాట తీసేసి, కొలతల మాట పెడితే మీరు సంతోషంగా సంతకం పెడతానని చెప్పండి.

ట్రాఫిక్ గురించి ఎక్కువ చెప్పను. మూడు ఇళ్ల కార్లు ఒక వీధిని ముంచెత్తవు, ఆ మాట అంటే ట్రాఫిక్ ఇంజనీరు ఒక్క వాక్యంలో కొట్టేస్తాడు. అగ్నిమాపక వాహనం సంగతి వేరు. ఇంటి బయటి గోడల్లో ఏ భాగమూ వాహనం వచ్చే దారికి 150 అడుగుల కన్నా దూరం ఉండకూడదన్నది అగ్నిమాపక నియమం, ఆ దారికి మామూలుగా ఇరవై అడుగుల వెడల్పు కావాలి. మీ పక్క స్థలం లోతు 186, దారి పదిహేను. ప్రశ్న న్యాయమైనదే. అయితే 2011 నుంచి రాష్ట్రంలో కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు తప్పనిసరి, వాటిని చూపించి ఆ దూరం నియమాన్ని సడలించవచ్చు. అందుకని దీన్ని ఆరోపణగా అనకండి. 'అగ్నిమాపక శాఖ ఏం రాసింది' అని అడగండి, చాలు.

అత్తయ్యగారి కిటికీకి జవాబు ఉంది. ఆరు అడుగుల బిగువైన చెక్క కంచె, దాని పక్కన మూడడుగుల మొక్కల పట్టీ, దారి పన్నెండు అడుగులు. ఇవి షరతులుగా పెట్టగలిగినవే. పైఅంతస్తు కిటికీలు మీ పెరట్లోకి చూడటం గురించి ఈ విచారణలో పట్టుపట్టకండి, అది నేలను విడగొట్టే దశ కాదు, ఇంటి డిజైను దశలో అడగవలసింది. దారినే అవతలి వైపుకు మార్చమని అడగాలని మీకు అనిపించవచ్చు. అటు వైపు కూడా ఒక ఇల్లుంది కదమ్మా. చెట్టు కోసమైతే అడగండి, లైట్ల కోసం మాత్రం వద్దు.

ఇక మీ చేయి ఆగిపోయిన ఆ మాట దగ్గరికి వస్తాను. ఇందులో నాకు కోపం ఉంది, దాచుకోను.

ఒక వీధిలో ఒంటి ఇళ్లే ఉండాలన్న జోనింగు ఈ దేశంలో మొదట వచ్చిన చోట్లలో బర్క్‌లీ ఒకటి, 1916లో, మీకు దగ్గరలోనే. ఆనాడు ఎవరిని దూరంగా ఉంచాలన్న ఆలోచన ఆ నియమాల వెనక ఎంత బలంగా ఉందో చరిత్రకారులు రాశారు. ఆస్తి దస్తావేజుల్లో ఫలానా జాతివాళ్లకు అమ్మకూడదని రాసుకునేవాళ్లు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు వాటిని అమలు చేయడానికి వీల్లేదనే దాకా అవి నడిచాయి. మన సంగతి ఇంకా కఠినం. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది, దాంతో ఆ భూమి చట్టం మనవాళ్ల మీద పడింది. పంజాబీ రైతులు తమ పొలాలను తెలిసినవాళ్ల పేర, అమెరికాలో పుట్టిన పిల్లల పేర పెట్టుకుని బతికారు. భారతీయులకు పౌరసత్వం దారి తెరుచుకున్నది 1946లో. ఆ భూమి చట్టాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది 1952లో. మీ ఇంటి పత్రాల మీద మీ పేరు ఉండటానికి ముందు ఇంత జరిగింది.

అందుకే 'అద్దెవాళ్లు వస్తారు' అన్న వాక్యం కింద మీ పేరు ఉండకూడదని అంటున్నాను. ఎనిమిదేళ్లు మీరు ఆ అద్దెవాళ్లే. నాలుగేళ్ల కిందట మీరు వచ్చినప్పుడు ఆ వీధిలో ఎవరైనా ఇలాంటి కాగితం పట్టుకుని తిరిగి ఉంటే ఎలా ఉండేదో మీకు తెలుసు కనుకనే చేయి ఆగింది. ఆ మాట వల్ల లాభమూ లేదు. ఫలానావాళ్లు ఉంటారన్న కారణంతో ఇళ్లను కాదనకూడదని రాష్ట్ర చట్టం నగరాలను కట్టడి చేసింది. రికార్డులో ఆ వాక్యం ఉంటే, రేపు బిల్డరు న్యాయవాది మొట్టమొదట చదివి వినిపించేది దాన్నే. మీ నీళ్ల ఫొటోలు, చెట్టు కొలతలు దాని వెనక కనిపించకుండా పోతాయి.

ఇంకో సంగతి కూడా వీధిలోవాళ్లకు చెప్పండి. పూర్తిగా గెలిస్తే ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా? 2021లో సంతకమై 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 9 చట్టం ప్రకారం, ఒంటి ఇళ్ల జోనులో ఉన్న స్థలాన్ని దాదాపు సగానికి సగం రెండుగా విడగొట్టుకోవచ్చు. చిన్న ముక్క అసలు స్థలంలో నలభై శాతం కన్నా తగ్గకూడదు, ఏదీ 1,200 చదరపు అడుగులు, అంటే 133 గజాలకు తగ్గకూడదు. ఒక్కో ముక్క మీద రెండేసి ఇళ్లు. విచారణ ఉండదు, కౌన్సిల్ ఉండదు, మీకు మాట్లాడే పూట ఉండదు. సిబ్బందే కొలతలు చూసి ఇచ్చేస్తారు. 2025 నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 450 సవరణతో వాళ్లు అరవై రోజుల్లో తేల్చాలి. పక్కా వెనకా నాలుగడుగుల ఖాళీకి మించి అడగడానికి లేదు. అంటే మూడు ఇళ్ల నక్షాను ఓడించి, నాలుగు ఇళ్లను మాటామంతీ లేకుండా తెచ్చుకోవచ్చు. ఇందులో బిల్డర్లకు ఒక ఇబ్బంది ఉంది. విడగొట్టేవారు ఆ స్థలంలో ఒక ఇంట్లో మూడేళ్లు నివసించే ఉద్దేశం ఉందని ప్రమాణపత్రం ఇవ్వాలి. వ్యాపారం చేసే సంస్థ అది ఇవ్వలేకపోవచ్చు. అలాంటప్పుడు సొంతంగా ఉండేవాళ్లకు అమ్మేసి వెళ్లవచ్చు కూడా. ఈ చట్టాన్ని తప్పించుకోవాలని 2022లో వుడ్‌సైడ్ అనే ఊరు, ఊరంతా మౌంటెన్ లయన్ల నివాసమని ప్రకటించింది. రాష్ట్ర అటార్నీ జనరల్ రాబ్ బోంటా ఒక్క ఉత్తరం రాసేసరికి వెనక్కి తగ్గింది.

రాష్ట్రం ఇంత గట్టిగా ఎందుకు నడుస్తోందో మీకు చెప్పనక్కర్లేదు. ఇద్దరూ ఇంజనీర్లుగా పనిచేస్తూ కూడా సొంత గోడ కోసం ఎనిమిదేళ్లు ఆగినవాళ్ల కథలు మన ఇళ్లలో ఎన్ని లేవు? ఆ ఊళ్లో పిల్లలకు చదువు చెప్పే టీచరు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు రెండు గంటలు కారులో వచ్చి పోతున్నారు. ఆ మూడు ఇళ్లూ చవకగా ఉండవని నాకు తెలుసు. అయినా ఒక్కరు ఉన్న చోట మూడు కుటుంబాలు ఉంటాయి. నేను ఆ ఇళ్లకు వ్యతిరేకం కాదు, మీరూ కారని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. సభలో మొదటి వాక్యం అదే కావాలి: 'నేను ఇళ్లను వ్యతిరేకించడం లేదు, ఈ నక్షాలోని మూడు లోపాలను సరిదిద్దమని అడుగుతున్నాను.' ఆ ఒక్క వాక్యంతో వేదిక మీదివాళ్లు కాగితాల్లోంచి తలెత్తి చూస్తారు. వాళ్లు ఆ రాత్రి విన్నవాటిలో చేతికి అందే కోరిక అదొక్కటే కావచ్చు.

సభకు ముందే బిల్డరును కలవండి. ఒక్కరే వద్దు, మీవారితో కలిసి వెళ్లండి, ఫొటోలు తీసుకెళ్లండి. నగరం విధించిన షరతు కన్నా తాను ఒప్పుకున్న షరతుకు మనిషి ఎక్కువ కట్టుబడతాడు. విచారణ ఒక్క నెల వాయిదా పడినా ఆయనకు వడ్డీ నడుస్తుంది, కాలువకూ కంచెకూ అయ్యే ఖర్చు దానితో పోలిస్తే చిన్నది. ఒప్పుకున్నది నోటిమాటగా వదలకండి. షరతుల్లో చేర్చమని నగర ప్లానరుకు ఇద్దరూ కలిసి ఈమెయిలు పంపండి.

ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మీరు చెప్పదలచిన ప్రతి విషయాన్నీ విచారణకు ముందే రాతపూర్వకంగా సిటీ క్లర్కుకు ఇవ్వండి. ఇది మరిచిపోవద్దు. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్లినా, విచారణలో గానీ అంతకుముందు రాతలో గానీ లేవనెత్తిన విషయాలే అక్కడ వినబడతాయి. ఆ దావా కూడా తీర్పు వచ్చిన తొంభై రోజుల్లో వేసి, సమన్లు అందించాలి. ఆ దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే ఇప్పుడే భూ వినియోగ వ్యవహారాలు చూసే న్యాయవాదిని కలవాలి, తీర్పు తరువాత కాదు. మామూలు సమావేశానికి డెబ్బై రెండు గంటల ముందు ఎజెండా పెడతారు, స్టాఫ్ రిపోర్టు దానితోనే వస్తుంది. ఆ రోజు సాయంత్రం వంట పని మీవారికి అప్పగించి, షరతుల జాబితా చివరిదాకా చదవండి.

మాట్లాడటానికి మామూలుగా మూడు నిమిషాలు ఇస్తారు, జనం ఎక్కువైతే రెండు చేస్తారు. నీళ్లు, చెట్టు, కొలతలు మీరు చెప్పండి. కిటికీ సంగతి అత్తయ్యగారినే చెప్పనివ్వండి, తెలుగులోనే. అనువాదంతో మాట్లాడేవారికి మిగతావారికన్నా కనీసం రెండింతల సమయం ఇవ్వాలని బ్రౌన్ చట్టంలోనే ఉంది. మీకు ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయో అబ్బాయో ఉంటే పక్కన నిలబెట్టండి, లేకపోతే మీరే వాక్యం వాక్యం చెప్పండి. అనువాదంతో మాట్లాడతారని క్లర్కుకు రెండు రోజుల ముందు ఫోను చేసి చెప్పి ఉంచండి. ఆమె ఏ వేళకు పడుకుంటారో, ఏ వేళకు లేచి ఆ కిటికీ పక్కన కూర్చుంటారో, అంతే చెప్పమనండి.